అడుగున మూడు వేళ్ళు

పదకొండు వేటల వాటా బాకీ కింద
పైడితల్లమ్మ గారు నాకో డ్రమ్ము ఇచ్చింది.
"నోట్లు లేవు ఎల్లాజీ, ఇదుంది. అట్టుకుపో."

జాలరిపేటలో రేకుల షెడ్డు వెనక
నీలం రంగు ఇనప డ్రమ్ము, నిండా బోటు డీజిలు.
మూత చుట్టూ తుప్పు,
మూత మీద కోడి పొదిగే గోనెపట్టా.
అప్పలకొండ గారు ఆఖరి వేటకని కొన్నది.
వాయుగుండం అన్నారు, బోటు కదల్లేదు.
తర్వాత ఆయనే పోయాడు.
బోటుని ముక్కలు కోసి పట్టుకెళ్ళారు.
డ్రమ్ము సంగతి ఎవరికీ గుర్తు లేదు, కోడికి తప్ప.

నేనిప్పుడు సముద్రం మీద లేను.
పాత లారీ తోలుతున్నాను. అరకు వైపు సిమెంటు,
తిరుగుదారిలో ఏది దొరికితే అది.
డీజిలంటే నాకు ఏ రోజుకారోజు కొనుక్కునే బియ్యం.
డ్రమ్ము నిండా అంటే చాలా రోజుల అన్నం.
అందుకే తొందరపడి ట్యాంకులో పొయ్యలేదు.

ఆటోనగర్లో కాసుబాబు
సీసాని ఎండకి ఎత్తి చూశాడు,
చంటిబిడ్డ నాలుక చూసే వైద్యుడిలా.
పైన తేనె రంగు, అడుగున నీళ్ళు,
రెంటి మధ్యా కాటుక గీత.
"నీళ్ళెవడు పోసినాడు?" అన్నాను.
"ఎవడూ పొయ్యలేదెహె. డ్రమ్ము చెమట.
పగలు ఉడికి, రాత్రి చల్లారి,
ఇన్నేళ్ళూ అది ఊపిరి పీలుస్తానే ఉంది.
ఆ నల్లదుంది సూడు, అది మురికి కాదు, పాచి. బతికే ఉంది.
పైది పనికొస్తాది. కదపకు, రెండ్రోజులు నిద్దరోనీ.
అడుగున మూడు వేళ్ళు ముట్టుకోకు.
నాలుగు పాళ్ళు బంకుది, ఒక పాలు ఇది.
నీ ముసలి బండి కాబట్టి సరే,
కొత్త బీఎస్ సిక్స్ వోడికి చుక్క కూడా ఇవ్వకు.
పైపు నోటితో పీల్చినావంటే
నీ ఊపిరితిత్తులే ఫిల్టరు."

మూడో రోజు పొద్దున్నే చేతిపంపు బిగించాను.
పైపుకి వెదురుపుల్ల కట్టి
అడుగుకి జానెడు పైనే ఆపాను.
గరాటు, జాలీ, దాని మీద మెత్తని తోలుగుడ్డ.
అప్పుడొచ్చింది పోలమ్మ, అడ్డపొగ నోట్లో పెట్టుకుని.
"అవతలికెళ్ళు మామ్మా, డీజిలు."
"నిప్పు నా నోట్లోపలుంది గదరా,
నీకేటి భయం?"
అంటూనే వెళ్ళి వీధి చివర కూచుంది,
అక్కణ్ణుంచే నా పనికి వంకలు పెడుతూ.

అనంతగిరి ఘాట్లో, సిమెంటు బరువుతో,
బండి దగ్గింది.
బోటు ఇంజను కూడా ఒకసారి ఇలాగే దగ్గింది,
చుట్టూ చీకటి, ఒడ్డు ఎటో తెలీని నీళ్ళలో.
ఇక్కడ కనీసం కాలికింద నేలుంది.
చక్రాలకి రాళ్ళు పెట్టాను,
సెపరేటరు మర విప్పితే
టీ గ్లాసులో వేలెడు నీళ్ళు పడ్డాయి.
సీటు కింద కొత్త ఫిల్టరు రెడీగా ఉంది.
పాతది విప్పితే కాసుబాబు చెప్పిన పాచి,
పిల్లల పలక మీద తడిబొగ్గులా.
గాలి తీసి, సెల్ఫు కొట్టాను.
ఇంకోసారి కొట్టాను.
అంది.

నెలన్నర తాగింది బండి.
మిగిలింది ఆ మూడు వేళ్ళు.
షెడ్డు పక్కనే కాలవ. కాలవ పోయేది సముద్రానికే.
రాత్రి. ఎవరూ చూడరు.
ఒక నిమిషం నిలబడ్డాను, అబద్ధం ఎందుకు.
తెల్లారి క్యానుకెత్తి
ఆటోనగర్లో వేస్టాయిలు కొనేవాడికి అప్పగించాను.
వాడు డబ్బులివ్వలేదు. నేనూ అడగలేదు.

"బాకీ సరిపోయిందా ఎల్లాజీ?" అంది పైడితల్లమ్మ గారు.
పదమూడు వందలు తక్కువ.
సరిపోయిందమ్మా అన్నాను.
"అయితే డ్రమ్ము ఉంచీ,
గ్యాసుతో కోయించి పొయ్యి సేసుకుంటాను."
వద్దమ్మా, అన్నాను,
దానికి నిప్పు చూపించకు.
నిండు డ్రమ్ము కన్నా
ఖాళీదే పేలుద్ది.